ఆదర్శమును ఆచరణమును: వెట్టిచాకిరి చరిత్రమునుండి యొక పాఠము

మనుష్యులందఱు సమానులనియు, ఒకని శ్రమఫలమును వేఱొకడు బలాత్కారముగ హరించుట యధర్మమనియు నోటితో నొప్పుకొనని సంఘము నేడు భూమిమీద దుర్లభము. న్యాయస్థానములలోను, పాఠ్యపుస్తకములలోను, సభావేదికలమీదను ఈ మాటలు నిత్యము వినబడుచునే యున్నవి. అయినను వినబడు మాట వేఱు, జరుగు పని వేఱు. ఆదర్శము లేక చెడిన సంఘములకంటె, ఆదర్శమును పెట్టెలో భద్రపఱచి తాళము వేసి చెడిన సంఘములే యెక్కువ. కావున విచారింపవలసిన ప్రశ్న "మన యాదర్శమేమి?" యనునది మాత్రమే కాదు. ఆ యాదర్శము కాగితమునుండి పేదవాని వాకిటి వఱకు ఏ మార్గమున నడచి వచ్చును? నడుమ నెచ్చట నాగిపోవును? ఇదియే యీ పాఠమునకు విషయము.

ఇట్టి ప్రశ్నకు సమాధానమును కేవల తర్కముచే సాధింపరాదు. జరిగిన చరిత్రమునే పరీక్షింపవలయును. అందులకు దూరదేశములకు పోనక్కఱలేదు. తెలంగాణమున లింగాల ఘనపూరు, దేవరుప్పుల, పాలకుర్తి మొదలగు గ్రామములు గల జనగామ ప్రాంతము చాలును. ఈ సీమ 1940 ప్రాంతమున నిజాము రాజ్యములో నల్లగొండ జిల్లాకు చేరిన తాలూకా. తరువాత వరంగల్లు జిల్లాలో చేరి, 2016 అక్టోబరు 11వ తేదీని ప్రత్యేక జిల్లా యయ్యెను. వెట్టిచాకిరి యను దురాచారము మిక్కిలి ఘోరముగ వేళ్లూనినదియు, దానిని పెకలించుటకు మనుష్యులు మిక్కిలి ధైర్యముతో పూనుకొన్నదియు నిచ్చటనే.

1. మంచిమాటలు కొఱవడలేదు

మొదట నొక సంగతి గమనింపదగినది. ఈ నేల యాదర్శములకు పేదది కాదు. జాతిభేదమును పాటింపని శివభక్తుల కథలను, పండితులకే గాక పామరులకును తెలియు ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుడు పాలకుర్తివాడు. తన భాగవతమును రాజుల కంకితమీయక భగవంతునికే యర్పించిన బమ్మెర పోతన జన్మస్థానముగ నీ ప్రాంతపు బమ్మెర గ్రామమును పేర్కొందురు. వారి పద్యములు ఇంటింట వల్లింపబడెను. వల్లించిన యా యూళ్లలోనే శతాబ్దుల తరువాత మనుష్యుడు మనుష్యుని యెదుట వంగి "నీ బాంచన్, కాల్మొక్త" యని పలుకవలసివచ్చెను. బాంచ యనగా బానిస.

దీనివలన తేలిన దేమి? ఉత్తమమైన మాట యుండుట మంచిదే, కాని చాలదు. వినువాడు ఆ మాటను తన జీవితమునకు అన్వయించుకొనుటకు తగిన ఏర్పాటు లేనిచో, అది భజనకును పండుగకును మాత్రమే పరిమితమగును.

2. వెట్టి యననేమి?

సంస్కృతమున విష్టి యని వ్యవహరింపబడిన నిర్బంధ శ్రమయే తెలుగున వెట్టి. కౌటిల్యుని యర్థశాస్త్రమునందును విష్టి ప్రసక్తి కలదు. కావున నిది క్రొత్తగ పుట్టినది కాదు. తెలంగాణమున నది యొక్కొక్క కులమునకు నొక్కొక్క విధముగ విధింపబడియుండెను. చాకలివారు దొర బట్టలుతుకవలెను. కుమ్మరులు కుండలీయవలెను. మాదిగలు చెప్పులును, బావి మోటలకు తోలుపనియు నుచితముగ చేయవలెను. గొల్లలు మేకల నీయవలెను. గౌడులు కల్లు పోయవలెను. దొరల స్త్రీలు మేనాలలో పోవునపుడు బోయీలు మోయవలెను. రైతులు తమ పొలము బీడుపడుచున్నను ముందుగ దొర పొలము దున్నవలెను. అధికారులు గ్రామమునకు వచ్చినపుడు వారి సామాను పొరుగూరి వఱకు మోయుట మొదలగు పనులు వెట్టివానివి. కోమట్లు సైతము సరకుల నప్పగింపక తప్పెడిది కాదు.

ఇది కేవలము దొర యొక్క క్రౌర్యముచే నిలిచియుండెనని తలంచుట పొరపాటు. క్రూరుడు చనిపోయినను వెట్టి చావలేదు గదా! అది నాలుగు స్తంభములమీద నిలిచినది: భూమి, అప్పు, అధికారము, భయము. భూమి సంగతి చూడుడు. మొదటి సాలారుజంగు దివానుగా నుండిన కాలమున (1853–1883) శిస్తువసూలు గుత్తదారులనుండి తప్పించి జిల్లాలను, ఉద్యోగులను ఏర్పఱచి, పాలనను క్రమబద్ధము చేసెను. ఆ సంస్కరణ యుద్దేశము మంచిదే. కాని భూములను కొలిచి పట్టాలు వ్రాయునపుడు, అక్షరములెఱిగిన దేశముఖులును పట్వారీలును చాలచోట్ల సాగుచేయువారి పేర్లకు బదులు తమ పేర్లనే వ్రాయించుకొనిరి. చదువురాని రైతునకు తన భూమి తనది కాకపోయినదన్న సంగతియే యేండ్లకు గాని తెలియలేదు. ఇక పటేలు, పట్వారీ యుద్యోగములు వంశపారంపర్యములు. ఫిర్యాదు చేయవలసిన స్థానమున కూర్చున్నవాడు దొరయో, దొర బంధువో, దొర యాశ్రితుడో యై యుండును. పెండ్లికో చావునకో తెచ్చిన అప్పు తీరువఱకు పనిచేయు నొడంబడిక భగేలా యనబడెడిది. తండ్రి యప్పునకు కొడుకు పనిచేయుచుండెను. ఈ మూడింటిని కాపాడునది నాల్గవదియగు భయము.

3. శాసనము మాత్రమే యున్నపుడు

నిజాము ప్రభుత్వమువారు ఈ యన్యాయము నెఱుగకపోలేదు. వెట్టిని నిరోధించుచు నుత్తరువులు పుట్టెను. 1936లో భగేలా యొడంబడికలకు మితి విధించుటకై ప్రత్యేక నిబంధన కూడ చేయబడెను. అయినను పల్లెలలో మార్పు స్వల్పము. ఏలయన, ఆ యుత్తరువును గ్రామమున చదివి వినిపింపవలసినవాడు పట్వారీ, అమలు జరుపవలసినవాడు పటేలు, దానివలన నష్టపడువారును వారే. కంచెయే చేను మేయునపుడు కంచెకు ఫిర్యాదు చేసి ప్రయోజనమేమి?

ఇట్టిది మన దేశమునకే పరిమితము కాదు. ఫ్రాన్సు దేశమున 1789 ఆగస్టు 4వ తేదీ రాత్రి జాతీయసభవారు భూస్వాముల ప్రత్యేకహక్కులు రద్దయ్యెనని గొప్ప యుత్సాహముతో ప్రకటించిరి. కాని చాల బాకీలను రైతులు వెల యిచ్చి విడిపించుకొనవలెనని వివరములలో చేర్చిరి. 1793 జులైలో గాని అవి పరిహారము లేకుండ పూర్తిగ తొలగలేదు. రష్యా చక్రవర్తి 1861లో అర్ధదాసులగు రైతులను విముక్తులను చేసెను. ఆ భూమికై వారు చెల్లింపవలసిన విమోచన ధనము మాత్రము 1907 వఱకు వారిని వదలలేదు. స్వాతంత్ర్యము ప్రకటనలో వచ్చి, వెల పట్టికలో తిరిగిపోవుట యన నిదియే.

మన తెలుగుదేశమునందే మఱియొక దృష్టాంతము గలదు. వితంతు పునర్వివాహము ధర్మశాస్త్ర సమ్మతమో కాదో యను వాదము సాగుచుండగనే 1856లో దానికి శాసనబలము కలిగెను. కాని ఆ శాసనము ననుసరించి కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వివాహము జరుపగలిగినది 1881 డిసెంబరు 11వ తేదీని. నడుమ నిరువదియైదేండ్లు! శాసనము వధూవరులకు ననుమతి నిచ్చెను గాని, నీళ్లు మోయువానిని, వంటవానిని, పురోహితుని ఈయలేదు. సంఘము వెలివేసినపుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి వండి వడ్డించిరి. శాసనమునకును ఆచరణమునకును నడుమనున్న దూరమును ఆమె బిందెలతో కొలువవచ్చును.

4. విద్యయు సభయు

తెలంగాణమున రెండవ ప్రయత్నము విద్యావంతులది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయమును వెలసెను. గ్రంథాలయ మొక చిన్న గది. అయినను తన భాషలో నొక పత్రిక చదువగలిగినవాడు ఉత్తరువులో నేమి యున్నదో తెలిసికొనగలడు. తెలిసికొన్నవాని నంత సులభముగ మోసగింపరాదు.

ఈ చరిత్రలో సంస్కరణాభిమానులు మఱువరాని ఘట్టమొకటి కలదు. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార సభ జరిగెను. ఆ సభలో ఆలంపల్లి వేంకట రామారావుగారు తెలుగున మాటలాడ లేచినపుడు, సభలోనివారు కొందఱు అల్లరిచేసి పరిహసించిరి. సమానత్వమును బోధించుటకు కూడిన సభయే యొకని మాతృభాషను సమానముగ చూడలేకపోయినది! ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు దానిని పెంచిరి. వెట్టిచాకిరిని గూర్చి చిన్న పుస్తకములు ప్రచురించి, ప్రభుత్వపు టుత్తరువులను ప్రజలకు తెలియజేసిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటయందు వారి యధ్యక్షతనే మొదటి ఆంధ్ర మహాసభ కూడెను. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను.

ఈ కృషిని తక్కువగ నెంచరాదు. భయమునకు మొదటి మందు తెలివి. కాని దీనికి నొక మేర గలదు. సభలో తీర్మానమును బలపఱచినవాడు వకీలో, వర్తకుడో, చిన్న భూస్వామియో. తీర్మానము విఫలమైనను వాని యింట పొయ్యి రాజును. వెట్టివాడు సభకు రాలేదు. వచ్చుటకు తీరికయు లేదు, చందాకు డబ్బును లేదు. ఎవని బంధమును గూర్చి మాటలాడుచున్నారో వాడు లేని సభ, రోగి లేని వైద్యశాల వంటిది.

5. తోడు దొరికిన పేదవాడు

ఒంటరివాని ధైర్య మెంత దూరము పోగలదో షేక్ బందగీ కథ చెప్పును. దేవరుప్పుల సమీపమున కామారెడ్డిగూడెమునకు చెందిన యీ రైతు, విసునూరు దేశముఖు అండగల ప్రతిపక్షముతో భూమికై వ్యాజ్యమాడి, న్యాయస్థానమున గెలిచెను. 1940 ప్రాంతమున దేశముఖు మనుష్యులు వానిని చంపిరి. శాసనము వాని పక్షమున నుండెను, తీర్పును వాని పక్షముననే యుండెను. కాని దారిలో వాని పక్షమున నెవ్వరును లేకపోయిరి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు రచించిన "మాభూమి" నాటకమున బందగీ పేరు నిలిచినది.

1944లో భువనగిరియందు రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్ర మహాసభ కూడినపుడు సభ్యత్వ రుసుము తగ్గింపబడెను. పట్టణముల సభ పల్లెల "సంఘము"గా మాఱెను. చిన్న మార్పుగ కనబడు నీ రుసుము తగ్గింపులో గొప్ప తత్త్వము గలదు. పేదవాని కొఱకు సభ చేయుట వేఱు, పేదవాడే సభ యగుట వేఱు. ఊరివారందఱు నొక్కటియై "వెట్టి చేయము" అన్నపుడు, నూరేండ్ల యుత్తరువులు చేయలేని పని యనేక గ్రామములలో జరిగెను.

పాలకుర్తిలో చాకలి కుటుంబమునకు చెందిన చిట్యాల ఐలమ్మ కౌలునకు తీసికొని సాగుచేసిన పొలముమీద విసునూరు దేశముఖు కన్నుపడెను. పంట నెత్తుకొనిపోవుటకు వాని మనుష్యులు వచ్చినపుడు, సంఘమువారు కాపలా నిలిచి, కోసి, ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. తరువాత నామె కుటుంబము పడిన బాధలకు మేర లేదు. అయినను ఆమె భూమిని విడువలేదు. 1985 సెప్టెంబరు 10వ తేదీని మరణించువఱకు ఆమె యా యూరనే యుండెను. బందగీకిని ఐలమ్మకును ధైర్యమున భేదము లేదు. భేదమంతయు తోడులో నున్నది.

1946 జులై 4వ తేదీని కడవెండి గ్రామమున సంఘమువారి యూరేగింపుమీద దేశముఖు గడినుండి తుపాకులు పేలెను. దొడ్డి కొమరయ్య యను యువకుడు మరణించెను. ఆ దినముతో చరిత్ర వేఱొక మలుపు తిరిగెను.

6. ఆయుధమును దానమును

తరువాతి యైదేండ్లలో తెలంగాణము రక్తసిక్తమయ్యెను. రజాకార్లు 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో సామూహిక హత్యలు చేసిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని నిజాము లొంగిపోయెను. అంతటితో పోరాటమాగలేదు. అది 1951 అక్టోబరులో విరమింపబడెను. ఉద్యమ నాయకుడగు పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథమున, సుమారు 3000 గ్రామములలో సంఘముల పాలన సాగెననియు, 10 లక్షల యెకరములు పంచబడెననియు, 4000 మంది వఱకు చంపబడిరనియు లెక్క చెప్పిరి. దళములచేతులలోను మనుష్యులు మరణించిరి. ఆయుధము భయమును దొర వాకిటికి త్రిప్పి పంపగలిగినది, నిజమే. కాని భయమును పోగొట్టలేదు, చేతులు మార్చినది. మఱియు బలముచే పంచిన భూమిలో కొంత, బలము మాఱగనే తిరిగిపోయెను. అయినను ఈ పోరాటమును నిందించువారు ముందుగ నొక ప్రశ్నకు బదులు చెప్పవలెను: న్యాయస్థానమున గెలిచిన బందగీని చంపనిచ్చిన సంఘము, శాంతిమార్గమును తానే మూసివేయలేదా?

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు నిబంధన వచ్చెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ శాసనము రక్షిత కౌలుదారులకు హక్కుల నిచ్చెను. 1951 ఏప్రిల్ 18వ తేదీని పోచంపల్లిలో వినోబా భావేగారి యెదుట హరిజనులు 80 యెకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 యెకరములు దానమిచ్చిరి. భూదానోద్యమము అట్లు పుట్టెను. విసునూరు దేశముఖు పేరును రామచంద్రారెడ్డియే యగుట వింత. ఒకే పేరు, ఒకే వర్గము, రెండు మార్గములు. కావున వర్గము మనుష్యుని యాచరణమును పూర్తిగ నిర్ణయింపదని తేలుచున్నది. కాని దానమునకును మేర గలదు. దాత పుణ్యము దాతతో పోవును. తరువాత వచ్చిన దానభూములలో చాల భాగము సాగునకు పనికిరానివిగనో, పంచబడనివిగనో మిగిలెను. దానము ద్వారమును తెఱచును. తెఱచిన ద్వారమును మూయకుండ నిలుపునది హక్కు.

7. పాఠము

ఈ చరిత్రమంతయు నొకచో చేర్చి చూచినచో నొక సూత్రము స్పష్టమగును. సంఘమున ఆదర్శము నెఱవేఱినదా లేదా యని తెలిసికొనుటకు శాసనపుస్తకమును తెఱువనక్కఱలేదు. ఆ యూరిలో నందఱికంటె బలహీనుడెవడో వాని కడకు పోయి, "నీవు కాదనగలవా? కాదని రేపు బ్రదుకగలవా?" యని యడుగవలెను. కాదనగలిగిన చోట స్వేచ్ఛ యున్నది. లేనిచోట దాని పేరు మాత్రమే యున్నది.

కాదనుటకు వానికి మూడు కావలెను. తన హక్కును తెలిసికొను విద్య మొదటిది. తనతో నిలుచు సంఘము రెండవది. కాదన్న మఱునాడు కూడు దొరకు నాధారము మూడవది. శాసనము ఈ మూడింటికి కాపు. ఇందే యొకటి లోపించినను తక్కినవి యొరగును. ఉత్తరువులకు విద్యయు సంఘమును లేవు. మహాసభకు మొదట పేదవాడు లేడు. దానమునకు హక్కు లేదు. ఆయుధమునకు శాశ్వతమైన శాసనము లేదు. దేని వైఫల్యమైనను దాని దోషముచే గాక దాని యొంటరితనముచేతనే కలిగినది.

"వెట్టి పోయినది గదా, ఈ చర్చ యేల?" యని యడుగువారుందురు. రాజ్యాంగము 23వ అధికరణమున నిర్బంధ శ్రమను నిషేధించెను. 1976లో వెట్టికార్మిక నిర్మూలన శాసనమును వచ్చెను. అయినను ముందుగ బయానా పుచ్చుకొని, దూరదేశమునుండి కుటుంబముతో వచ్చి, లెక్క తెలియని అప్పునకు ఇటుక బట్టీలలో పనిచేయువారు తెలంగాణమున కనబడుచునే యున్నారు. గడి పోయెను, బయానా నిలిచెను. వేఱొక వైపున, 2006 మొదలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీని ప్రవేశపెట్టి, కూలిపట్టీలను గ్రామసభలో బిగ్గరగ చదివించెను. పట్వారీ దాచిన కాగితమును ఊరిముందు చదువుట చిన్న పని కాదు. శాసనము, విద్య, సంఘము ఒక్కచోట కూడిన ఘట్టమది.

చదువరులారా! మనలో పెక్కుమంది వెట్టి చేసినవారి వంశమువారము కాము, చేయించుకొన్నవారికి సమీపమున నుండినవారము. మనకు ఆదర్శమును గూర్చి మాటలాడుటలో నష్టము లేదు. అందుచేతనే మాటలు సులభముగ వచ్చును. మన యింట పనిచేయు మనిషి జీతము తేదీకి చేరుచున్నదా? ఆమె యొకదినము రాలేనన్నచో మన ముఖ మెట్లుండును? మన పొలమును కౌలునకు చేయువాని పేరు ఏ కాగితమునందైనను గలదా? మన సభలో మన భాష రానివాడు లేచినపుడు మనము నవ్వుదుమా? ఈ ప్రశ్నలకు బదులు చెప్పుకొనిన పిదప ఆదర్శములను గూర్చి యుపన్యసింతము. రాజ్యలక్ష్మమ్మగారు మోసిన బిందెను మోయుట కిష్టపడనివానికి, పంతులుగారి యాశయమును పొగడు నధికారము లేదు.